నలుగురికే దారి

కంప్యూటరు మీటల సందుల్లో ఇరుక్కున్న మామిడి పీచును సంతోషకుమారి గుండుసూదితో పైకి లాగింది. సూది మొన మీద పీచుతో పాటు ఒక చీమ కూడా వచ్చింది. దాన్ని విదిలించి, తడిగుడ్డతో మీటలు ఒక్కొక్కటే తుడిచింది. కొన్ని నొక్కితే లోపలికి పోయి అక్కడే ఆగిపోతున్నాయి. బల్ల మీద నిన్నటి పళ్ళెం అలాగే ఉంది. తొక్కల మీద ఈగలు, టెంక చుట్టూ నల్లబడ్డ రసం. ఏసీ గదిలో ఆ పులిసిన తీపి వాసన బయటికి పోయే దారి లేక గోడలకు పట్టేసింది.

మేనేజరు పున్నారావు యజమానిగారి అల్లుడు. బంగినపల్లి కోసుకు తింటూ, అదే చేత్తో కంప్యూటరు నొక్కడం అతనికి అలవాటు. ఊడ్చే మనిషి ఉంది గానీ, "మిషను తాకితే పాడుచేస్తుంది, నువ్వు చదువుకున్నదానివి, నువ్వు తుడువు" అని ఆ పని కుమారికి అప్పగించాడు. మిగతా మిషన్లు ఎవరివి వాళ్ళే తుడుచుకుంటారు.

గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లోని ఆ కోల్డ్ స్టోరేజికి కంప్యూటర్లు వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఎనభై తొమ్మిదో సంవత్సరంలో అదొక వింత. రైతులు మిరపకాయలు కుక్కిన గోనె టిక్కీలు దించి, కిటికీలోంచి తొంగిచూసి పోయేవాళ్ళు. ఏసీ గది మూలన ఒక పెద్ద మిషను; ఎవరి టిక్కీలు ఎన్ని, ఏ ఛాంబరులో ఉన్నాయి, ఎన్ని బయటికెళ్ళాయి, అన్నీ దాని కడుపులోనే. దాన్నుంచి తీగలు ఐదు బల్లలకు పోయాయి. పున్నారావుది ఒకటి. వ్యాపారస్తులు కూర్చునే సోఫాల గదిలో ఒకటి. హెడ్ గుమాస్తా యలమందయ్యది ఒకటి. లోపలికొచ్చే టిక్కీల తూకాలు ఎక్కించే ఖుర్షిదాది ఒకటి. ఐదోది కౌంటరులో కుమారిది. రైతు తన సరుకు తీసుకెళ్ళాలంటే డెలివరీ చీటీ ఆ కౌంటరులోనే అచ్చుకావాలి; పెద్ద వ్యాపారుల చీటీలు మాత్రం పున్నారావు గదిలోనే.

తంటా అంతా ఒక్కచోటే. ఆ పెద్ద మిషను ఒకేసారి నలుగురినే లోపలికి రానిస్తుంది. ఐదో మనిషి తన పేరు కొడితే, ఇంక చోటు లేదని ఇంగ్లీషులో ఒక ముక్క చూపించి ఊరుకుంటుంది. "మీరు కొన్న ప్యాకేజీ నలుగురికే సార్. ఎనిమిది మందిది వేరే ఉంది" అని బెజవాడ నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు మొదటిరోజే చెప్పాడు. యజమాని వినీ విననట్టు ఊరుకున్నాడు.

అందుకని పొద్దున్న లేస్తే కుమారి మొదటి మాట, "ఖుర్షిదా, కాస్త బయటికి రావే."

"ఉండవే, ఈ లారీ తూకం అయిపోనీ."

ఖుర్షిదా బయటికొస్తే కుమారి లోపలికెళ్ళేది. నాలుగు చీటీలు అచ్చువేసి తను బయటికొస్తే మళ్ళీ ఖుర్షిదా. ఇద్దరూ ఒక్క తలుపు గుండా రోజంతా అటూ ఇటూ తిరుగుతుంటే, సోఫాల గదిలో మిషను ఖాళీ కుర్చీ ముందు పచ్చటి అక్షరాలు చూపిస్తూ వెలుగుతూ ఉండేది. వచ్చిన వ్యాపారస్తులకు చూపించడానికి అది ఎప్పుడూ లోపలే ఉండాలి. ఏసీ గదిలోదీ అంతే. పున్నారావు భోజనానికి తాళం వేసుకుని వెళ్ళినా, లోపల మిషను తన చోటు పట్టుకునే ఉంటుంది.

ఆ మంగళవారం కరెంటు పోయింది. మే నెల ఎండ. గాలిలో మిరప ఘాటు కలిసి గొంతులో గోకుతోంది. జనరేటరు ఛాంబర్లకే గానీ ఆఫీసుకు కాదు. ప్రత్తిపాడు నుంచి వచ్చిన వెంకటరావమ్మ అప్పటికి పొద్దుట్నుంచీ కౌంటరు ముందు నిలబడి ఉంది. మొగుడు పోయాక తనే కౌలుకు చేస్తున్న మనిషి. నెత్తిన తువ్వాలు, చెప్పులు లేని కాళ్ళు.

"కాయ కొనటానికి మద్రాసు పార్టీ దిగిందంట తల్లీ యార్డులో. రేపటికి ఉంటారో ఉండరో. నా టిక్కీలు మూడో ఛాంబర్లో ఉన్నయ్యి. ఆ చీటీ ఏదో కొట్టి పారెయ్యి."

"కరెంటు రానివ్వండమ్మా."

కరెంటు వచ్చింది. వచ్చినప్పుడు ఎవరు ముందు దూరితే వాళ్ళదే చోటు. కుమారి వేళ్ళు మీటల మీదే ఉంచుకుని కూర్చుంది కాబట్టి, మొదటిసారి ఎవరినీ అడక్కుండా లోపలికి వెళ్ళింది. వెంకటరావమ్మ పేరు తెర మీద కనిపించింది. ప్రింటరు కర్రుకర్రుమంటూ ఊరి పేరు దాకా కొట్టింది.

ఏసీ గది తలుపు తెరుచుకుంది. "ఎవరు దూరింది లోపలికి? నాది రావట్లేదు." పున్నారావు గుమ్మంలో నిలబడి నోట్లో ముక్క నములుతూ అందరివంకా చూశాడు. యలమందయ్య కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడవడం మొదలుపెట్టాడు. ఖుర్షిదా తల దించుకుంది.

"నేను సార్. ఒక్క చీటీ, సగం అచ్చయింది."

"బయటికి రా."

"ఒక్క నిమిషం సార్, ఈవిడ పొద్దున్నుంచీ…"

"చెబితే అర్థం కాదా? అందరి తర్వాత నీకు చోటిచ్చాంగా. ఎప్పుడిస్తే అప్పుడు తీసుకోవాలి. లే ముందు!"

కుమారి బయటికొచ్చింది. ప్రింటరు ఆగిపోయింది. సగం చీటీ కాగితం నాలుకలా వేలాడుతుంటే, వెంకటరావమ్మ దాన్ని పట్టుకుని చూసి, "ఇది చాలదా?" అంది.

"చాలదమ్మా. మీ టిక్కీల లెక్క దీంట్లో రాలేదు."

పున్నారావు లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఆ గదిలో ప్రింటరు మోత మొదలై ఆగకుండా నడిచింది. ఒక పెద్ద వ్యాపారి తాలూకు మనుషులు ఆ గదిలోంచి చీటీల కట్ట పట్టుకుని బయటికొచ్చి లారీల వైపు నడిచారు. వెంకటరావమ్మ వాళ్ళవంక చూసింది. అరుగు మీద కూలబడి తువ్వాలు ముఖానికి కప్పుకుంది.

సాయంత్రం నీళ్ళకని వెనక్కి వెళ్ళినప్పుడు కుమారికి ఆ వాసన తగిలింది. ఛాంబర్ల దగ్గర ఎప్పుడూ ఉండే చల్లటి ఘాటు కాదు. తడిసిన గోనె, మూలన పడేసిన పాత చెప్పు, ఇంకేదో కుళ్ళు కలిసిన వాసన. మూడో ఛాంబరు తలుపు సందులోంచి నీళ్ళు కారి సిమెంటు మీద ఎర్రటి చార కట్టాయి. గోడౌను చూసే మాబు సాహెబ్ ఆ చార మీద బూడిద పోస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ తాళాలు ఆయన మొలకే ఉన్నాయి.

"ఏంటి సాహెబుగారూ ఇది?"

ఆయన చుట్టూ చూశాడు. "మోటారు పోయిందమ్మా. శుక్రవారమే పోయింది. లోపల చెమటలు పట్టి కారతంది. సామాను బొంబాయి నుంచి రావాలంట."

"రైతులకి చెప్పలేదా?"

"చెబితే అందరూ ఒక్కసారే మీద పడరూ? ఆ పెద్ద వ్యాపారి సరుకు ముందు బయటికి పంపమన్నాడు అల్లుడుగారు. అది అయిందాకా నోరు మూసుకోమన్నాడు." బూడిద చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. "నా ఇల్లు ఈ కాంపౌండులోనే ఉందమ్మా. నేను చెప్పానని ఎక్కడా అనమాక."

బుధవారం పొద్దున్న కుమారి అడక్కముందే ఖుర్షిదా చెప్పింది. గొంతు చాలా చిన్నగా ఉంది. "ఇవాళ నన్ను బయటికి రావద్దన్నారే. తూకాలు లేకపోయినా సరే, లోపలే ఉండమన్నారు."

"ఎందుకని?"

"అడిగే ధైర్యం నాకెక్కడిది?"

ఖుర్షిదా ముందు తెర ఖాళీగా ఉంది. తూకానికి ఒక్క లారీ లేదు. అయినా ఆ చోటు మీద బరువులా కూర్చుని ఉంది. ఆమె సంపాదనతో నడిచే ఇల్లు. తండ్రి మంచాన ఉన్నాడు. కుమారికి కోపం రాలేదు. ఎంగిలాకు తొక్కినట్టు అనిపించింది, అంతే. సోఫాల గదిలో మిషను వెలుగుతోంది. ఏసీ గదిలోది వెలుగుతోంది. యలమందయ్య జమాఖర్చుల్లో తల దూర్చి ఉన్నాడు. నలుగురూ లోపలున్నారు.

కౌంటరు ముందు వరస పెరిగింది. ఆమె లేచి ఏసీ గదిలోకి వెళ్ళింది. పున్నారావు వేళ్ళ చివర్లు ఒక్కొక్కటే చీకుతూ తల ఎత్తాడు.

"రైతులు చాలామంది ఉన్నారు సార్. మూడో ఛాంబరు వాళ్ళే. ఏమని చెప్పను?"

"ఉన్నదే చెప్పు. నలుగురే పడతారు, ఐదో మనిషికి దారి లేదని చెప్పు. అబద్ధం కాదుగా?"

కాదు. ఒక్క అక్షరం అబద్ధం లేదు అందులో.

"సోఫాల గదిలోది ఎవరూ వాడట్లేదు సార్. దాన్ని బయటికి తెస్తే…"

"నువ్వు నాకు చెబుతున్నావా?" అతను నవ్వాడు. పళ్ళ మధ్య పసుపుపచ్చటి పీచు. "చూడమ్మా. మీ పాస్టరుగారి మాట కాదనలేక మా మామయ్య నీకీ కుర్చీ వేయించాడు. మీవాళ్ళలో కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఎంతమంది? ఆ కుర్చీ మర్యాద నువ్వు చూసుకో. వెళ్ళు. వెళుతూ ఆ పళ్ళెం తీసుకెళ్ళు."

పళ్ళెం తీసుకుంది. తీసుకున్నందుకు దారి పొడవునా తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. అంచు మీది రసం బొటనవేలికి అంటుకుంది. పెరట్లో పళ్ళెం పడేసి చెయ్యి ఎంత కడిగినా జిగురు పోయినట్టు లేదు.

ఇక రోజంతా అదే మాట చెప్పింది. "మిషను నలుగురినే రానిస్తుందండీ. ఖాళీ అవగానే కొడతాను." ఒక ముసలాయన చేతులు జోడించి మిషనుకే దణ్ణం పెట్టాడు. ఇంకొకాయన, "ఆ నలుగురెవరో పిలవమ్మా, మేం కాళ్ళు పట్టుకుంటాం" అన్నాడు. కుమారి తల తిప్పుకుంది. లారీలు మాత్రం వెనక గేటు గుండా పోతూనే ఉన్నాయి.

వెంకటరావమ్మ మళ్ళీ వచ్చింది. మద్రాసు పార్టీ వెళ్ళిపోయిందని ఎవరో చెప్పారట. అయినా అరుగు దిగలేదు.

ఆ రాత్రి తల్లి ఎలీసమ్మ అన్నం పెట్టి, పక్కన కారప్పచ్చడి వేసింది. కుమారి కంచం దూరంగా జరిపింది.

"ఏమయిందే?"

"వాసనొస్తోంది."

ఎలీసమ్మ చిన్నప్పట్నుంచీ కళ్ళాల్లో తొడిమలు తీసిన మనిషి. పచ్చడి కాదు, కూతురి జడ వాసన చూసింది. "బూజు పట్టిన కాయ వాసన ఇది. ఎవరి కాయే అది?"

ఎవరిదని చెబుతుంది?

గురువారం పున్నారావు యజమానితో కలిసి బాపట్ల పెళ్ళికి వెళుతూ గదికి తాళం వేశాడు. లోపల మిషను యథాప్రకారం వెలుగుతోంది. ఎండ నడినెత్తికి రాకముందే వెంకటరావమ్మ కౌంటరు మీద గుప్పిలి తెరిచింది. పెద్ద వ్యాపారి టిక్కీలు లాగుతుంటే పక్క వరసలోని ఆమె టిక్కీ చిరిగి కింద పడ్డ కాయలను ఒక హమాలీ తెచ్చి ఇచ్చాడట. ఎర్రగా ఉండాల్సిన కాయలు నల్లబడి, తొడిమ దగ్గర తెల్లటి నూగు పట్టి, వేలు తగిలితే చాలు జారిపోతున్నాయి. నూగు గాల్లోకి లేచి కుమారి ముక్కుకెక్కింది.

"కళ్ళంలో పండు పండునూ తడిమి ఆరబెట్టా తల్లీ. తాలు కాయ ఒక్కటి లేదు. ఇదేంది?" ఆమె ఏడవలేదు. నిజంగా తెలుసుకుందామని అడిగింది. "మీరు చల్లగా పెడతామంటేగదా ఇచ్చాం. ఇదేంది?"

కుమారి ఖుర్షిదా వైపు తిరిగింది. "ఒక్కసారి బయటికి రావే. వాళ్ళు ఊళ్ళో లేరు."

ఖుర్షిదా కళ్ళు నిండాయి. "రేపు వస్తారుగా. ఎవరు బయటికొచ్చారో మిషనే చెబుతుందంట. నన్నొదిలెయ్యవే."

"యలమందయ్యగారూ, మీరైనా?"

"నాకెందుకమ్మాయ్ ఈ వయసులో!" ఆయన తలెత్తలేదు.

తన కుర్చీలో కూర్చుంది కుమారి. చోటు లేదని అదే ముక్క తెర మీద మిణుకుమిణుకుమంటోంది. దానివంక చూస్తూ చూస్తూ ఆమె చెయ్యి చాచి స్విచ్చి ఆపేసింది. తెర నల్లగా అయిపోయింది. సొరుగులోంచి తెల్లకాగితాలు తీసి, అడ్డంగా మడిచి, గోటితో గీసి చింపింది. కలం విదిలించింది.

"పేరు వెంకటరావమ్మ. ఊరు ప్రత్తిపాడు. మీ రసీదు ఇవ్వండి."

రసీదు మీది లెక్క చూసి కాగితం మీద దింపింది. కింద సంతకం చేసింది: ఎస్. సంతోషకుమారి. వెంకటరావమ్మ దాన్ని తీసుకుని మూడో ఛాంబరు వైపు పరిగెత్తినంత పనిచేసింది. కుమారీ వెనకే వెళ్ళింది.

మాబు సాహెబ్ చీటీని ఎండకు పట్టి చూశాడు. "అచ్చుది కాదే?"

"కంప్యూటరు రాకముందు మీరు దేంతో తలుపు తీసేవాళ్ళు సాహెబుగారూ?"

"చేతిరాతతోనే." ఆయన మళ్ళీ చూశాడు. "సంతకం నీదేనా? రేపు అడిగితే?"

"నాదేనని చెప్పండి."

ఆయన కాసేపు తాళంచెవి వేళ్ళ మధ్య తిప్పాడు. తర్వాత తలుపు తీశాడు. లోపల్నుంచి వచ్చిన వెచ్చటి కుళ్ళు ముఖం మీద చెంపదెబ్బలా కొట్టింది. హమాలీలే ముక్కులు మూసుకున్నారు. కప్పు నుంచి చుక్కలు పడుతున్నాయి. గోడ పక్క వరసలో గోనెలు ముట్టుకుంటే మెత్తగా లోపలికి పోతున్నాయి.

ఇక కౌంటరులో కలం ఆగలేదు. పేరు, ఊరు, లెక్క, సంతకం. చేయి నొప్పెట్టి అక్షరాలు వంకర పోతున్నా రాస్తూనే ఉంది. ఎండలో పరిచిన పట్టాల మీద రైతులు టిక్కీలు కోసి గుమ్మరిస్తున్నారు. బాగున్న కాయ ఒక పక్క, పోయింది ఒక పక్క. పోయినదే ఎక్కువగా ఉంది కొందరికి.

పొద్దు వాలుతుండగా కారు వచ్చి ఆగింది. పున్నారావు పట్టుపంచెతో దిగాడు. పట్టాలవంక, తెరిచిన తలుపువంక, గుంపువంక చూశాడు. రైతులు పని ఆపి లేచి నిలబడ్డారు. ఒకరి చేతిలో టిక్కీలు లాగే ఇనుప కొంకి ఉంది. పున్నారావు కళ్ళు దాని మీద పడ్డాయి, వెంటనే ముఖం నిండా నవ్వు వచ్చింది.

"ఆఁ, అందరికీ అందాయా చీటీలు? మిషను సతాయిస్తోందని, పోతూ పోతూ నేనే చెప్పాను అమ్మాయికి, చేత్తో రాసి పంపించమని. రైతు ముఖ్యం గానీ మిషను కాదుగా! ఏమ్మా కుమారీ?"

అందరూ ఆమెవంక తిరిగారు. అవునంటే చాలు. రాసినదంతా అతని మాట మీద రాసినట్టవుతుంది. కుర్చీ ఉంటుంది, జీతం ఉంటుంది. అతను కళ్ళతో ఆ మాట అందిస్తున్నాడు, పళ్ళెంలో ముక్క పెట్టి ముందుకు జరిపినట్టు.

"లేదండీ," అంది కుమారి. "సారు చెప్పలేదు. సారు గదిలో మిషను తాళం వెనకాల ఇప్పుడు కూడా లోపలే ఉంది. మూడో ఛాంబరు మోటారు శుక్రవారమే పోయింది. ఎవరికీ చెప్పొద్దన్నారు. నేనూ చెప్పలేదు. నిన్నంతా మీకు నలుగురే అని చెప్పాను."

పున్నారావు పంచె కుచ్చిళ్ళు సవరించుకుని లోపలికి నడిచాడు.

శుక్రవారం పొద్దున్న తనను గేటు దగ్గరే ఆపేస్తారనుకుని వచ్చింది. ఎవరూ ఆపలేదు. ఏసీ గదిలో బెజవాడ ఇంజనీరు పెద్ద మిషను ముందు కూర్చుని ఫ్లాపీలు మారుస్తున్నాడు. గుమ్మంలో యజమాని, పక్కన పున్నారావు, ఎదురుగా రైతులు.

"అయింది సార్," అన్నాడు ఇంజనీరు. "ఇక ఎనిమిది మంది రావచ్చు."

పున్నారావు రైతుల వైపు తిరిగాడు. "విన్నారుగా? అసలు జబ్బు అదే. నలుగురికే దారి ఉండబట్టి చీటీలు ఆలస్యమైనయ్యి, సరుకు పాడయింది. మిషను తప్పు. రాత్రే ఫోను చేసి పిలిపించాం. మావల్ల అయింది మేం చేశాం. మోటారంటారా, అది నిన్ననే ఆగింది." తర్వాత కుమారివంక చూసి ఎంతో మెత్తగా అన్నాడు. "రామ్మా. ఇక నిన్నెవరూ బయటికి పొమ్మనరు. కూర్చో. ఏదో తొందరపడి అన్నావు, మేం మనసులో పెట్టుకోలేదు."

ఆమె మిషను ముందు తెర వెలుగుతోంది. పేరు కొట్టమని అడుగుతోంది. కూర్చోవాలనిపించింది. అలా అనిపించినందుకు నోట్లో చేదు ఊరింది. తప్పు చేసినవాడు తనను క్షమిస్తున్నాడు. తను వంగి ఆ క్షమను అందుకోవాలి.

"కూచోవే," అంది ఖుర్షిదా నెమ్మదిగా. "నీకు పుణ్యముంటుంది, కూచో." ఆమె తన కోసమే బతిమాలుతోందని కుమారికి అర్థమైంది. తను కూర్చుంటే ఖుర్షిదా కూడా తలెత్తుకోగలదు.

వెనకనుంచి ఎవరో రైతు అన్నాడు. "నష్టపరిహారం రావాలంటే మోటారు ఎప్పుడు ఆగిందో యార్డు ఆఫీసులో చెప్పాలంటున్నారు. మా మాట నమ్మరంట. ఇక్కడ పనిచేసేవాళ్ళెవరైనా వచ్చి చెప్పాలంట. ఎవరొస్తారు?"

మాబు సాహెబ్ తాళాల గుత్తివంక చూసుకున్నాడు. యలమందయ్య కళ్ళజోడు తీశాడు.

కుమారి ఖుర్షిదా భుజం మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఉంచి, తీసేసింది. "నేను వస్తాను, పదండి," అంది.

"కుమారీ!" అన్నాడు పున్నారావు. మెత్తదనం పోయింది. "గడప దాటావంటే మళ్ళీ ఈ ఊళ్ళో ఏ ఆఫీసులోనూ నిన్ను కూర్చోనివ్వరు. గుర్తుంచుకో."

ఆమె తిరిగి చూడలేదు. బయట ట్రాక్టరు ట్రక్కులో పాడైన టిక్కీలు ఎక్కించి ఉన్నాయి, ఆఫీసువాళ్ళకు చూపించడానికి. వెంకటరావమ్మ పైనుంచి చెయ్యి అందించింది. కుమారి ఎక్కి చూస్తే ఎక్కడా చోటు లేదు.

"ఇక్కడ కూర్చో తల్లీ. తడిగా ఉంది, గుడ్డ ఏదైనా వేసుకో."

ఏమీ వేసుకోలేదు. మెత్తబడ్డ టిక్కీ ఆమె బరువుకు కిందికి దిగి, బూజు వాసన గుప్పున లేచింది. ట్రాక్టరు కదిలింది. నల్లటి చెమ్మ గోనెలోంచి చీరలోకి ఎక్కుతున్నా ఆమె పక్కకు జరగలేదు.